రెండో మనిషి వాటా

ఆయన యుద్ధానికి వెళ్లొచ్చిన మనిషంటే ఎవరూ ఓ పట్టాన నమ్మేవారు కాదు. ఒంటిమీద గాయం లేదు, గోడమీద పతకం లేదు. నమ్మినవాళ్లు కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకుని, అక్కడ ఏం చేశారని అడిగేవారు. వండానని చెప్పేవాడు. దాంతో కుర్చీ మళ్లీ వెనక్కి జరిగేది. తర్వాత ఆయన పనిచేసిన ఫ్యాక్టరీ క్యాంటీన్లో ఒక ఫిట్టరైతే ముఖం మీదే అనేశాడు, ఆ వంటేదో అవతలి సైన్యానికి వడ్డించి ఉంటే మనం ఇంకా ముందే గెలిచేవాళ్లమని. వరసలో నిలబడ్డవాళ్లంతా నవ్వారు. ఆయన కూడా నవ్వి, ఆ ఫిట్టరు కంచంలో అందరికీ వేసినంతే వేశాడు.

సైన్యంలో చేరేనాటికి ఆయన బస్సులు ఆగే చోట ఒక చిన్న హోటల్లో పనిచేస్తుండేవాడు. మొదట గిన్నెలు తోమి, తర్వాత కూరలు తరిగి, మెల్లగా పొయ్యి దగ్గరికి చేరాడు. అరికాళ్లు చదునుగా ఉన్నాయి, దూరం నడవలేడు అని చెప్పి అక్కడ కూడా వంటశాలకే పంపారు. వంటశాలంటే కప్పు ఎగిరిపోయిన ఒక బడి. నల్లబల్ల మీద ఎవరో మాస్టారు వేసిన కూడికలు అలాగే ఉండేవి. డేగిసాల ఆవిరికి అవి రోజూ కొంచెం కొంచెం కరిగి కిందికి జారుతుండేవి.

ఆయనకి అక్కడ ఒక విద్య పట్టుబడింది. పొద్దున్నే ఎంతమంది తింటారో చెబుతారు. ఆ లెక్కకి సరుకు కొలిచి ఇస్తారు. చివరి మనిషి కంచంలో చివరి గరిటె పడటం, డేగిసా అడుగు కనబడటం రెండూ ఒక్కసారే జరగాలి. తక్కువైతే ఒక మనిషి పస్తు ఉండాలి, మిగిలితే రేపటి కోటాలో కోత పడుతుంది. మొదట్లో పెద్ద వంటవాడి చేత బాగానే చీవాట్లు తిన్నాడు. కొన్నాళ్లకి బియ్యం గుప్పిట్లోకి తీసుకుంటే చాలు, ఎన్ని ముద్దలవుతాయో చెయ్యే చెప్పేది.

ఒకరోజు కొండవైపు వెళ్లిన దళం మధ్యాహ్నానికి తిరిగొస్తుందని, అందరికీ వండి ఉంచమని కబురు వచ్చింది. వండాడు. ఎండ వాలుతుండగా లారీలు వచ్చాయి. వెళ్లినవాళ్లలో సగం మందే దిగారు. మిగతావాళ్లు కూడా దిగుతారని ఆయన గరిటె పట్టుకుని లారీ వెనక తలుపు వైపే చూస్తూ నిలబడ్డాడు. అధికారి వచ్చి, ఇంకెవరూ లేరు, ఉన్నవాళ్లకే రెండింతలు వెయ్యి, మెతుకు పారేయడానికి వీల్లేదు అన్నాడు. వేశాడు. వాళ్లు తిన్నారు. కంచాలకి చెంచాలు తగిలే చప్పుడు తప్ప ఇంకేం లేదు. చివరికి డేగిసా అడుగు కనబడింది.

ఇంటికి వచ్చాక ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. దాచాలని కాదు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక. యుద్ధం నుంచి ఆయన వెంట వచ్చింది ఒక్కటే. ఒకసారి వడ్డించిన కంచంలో మళ్లీ వడ్డించబోతే ఆయన చెయ్యి ఆగిపోయేది.

ఫ్యాక్టరీ క్యాంటీన్లో ఇది పెద్ద గొడవే అయింది. ఇనుముతో పనిచేసి వచ్చినవాళ్లు ఆకలిమీద ఉంటారు. ఇంకో గరిటె వెయ్యమని కంచం చాపేవారు. మాస్టరూ, ఒక్కసారి చెయ్యి జారితే మీ సొమ్మేం పోదు కదా అనేవారు. ఆయన తల అడ్డంగా ఊపి తర్వాతి మనిషి వైపు చూసేవాడు. చివరికి యూనియన్ నాయకుడు ఖాళీ కంచం పట్టుకుని పంచాయితీకి వచ్చాడు. రెండోసారి వెయ్యడం నా వల్ల కాదు, కావాలంటే గరిటె పెద్దది చేయించుకోండి అన్నాడు ఆయన. ఫ్యాక్టరీ ఇనుముకి కొదవేముంది, మర్నాడే కమ్మరి షెడ్డులో ఒక గరిటె తయారైంది. చూడ్డానికి చిన్న మూకుడంత ఉంది. దానితో పేచీ తీరింది, ఆయనకి ఒక పేరు మిగిలింది. ఒక గరిటె మాస్టరు. ఊరంతా అదే పేరు, ఇంటికి వచ్చే పాలవాడితో సహా.

ఫ్యాక్టరీవాళ్లిచ్చిన రెండు గదుల ఇంట్లో కాపురం. భార్య వండినా వడ్డించేది ఆయనే. కాపురానికి వచ్చిన కొత్తలోనే ఆవిడ కనిపెట్టి, ఒకరోజు అడిగింది. అక్కడ ఒకసారి వండింది చాలా మిగిలింది అని మాత్రం చెప్పాడు. మిగిలితే ఏం చేశారు అంది. తినేశారు అన్నాడు. ఆవిడ కాసేపు ఆయన ముఖంలోకి చూసి, మళ్లీ ఆ మాట ఎత్తలేదు. కానీ పిల్లలు పుట్టి ఎదుగుతున్నకొద్దీ ఎసట్లో ఇంకో రెండు గుప్పిళ్లు పోసి, ఆ అన్నం విడిగా మూతపెట్టి పొయ్యి వెనకాల దాచేది. ఆయన డ్యూటీ నుంచి వచ్చేలోపు పెద్దమ్మాయి, చిన్నవాడు మళ్లీ కంచాలు పట్టుకుని కూర్చునేవారు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు రెండో ఆట. కాపలా పెద్దమ్మాయిది. కిటికీలోంచి సైకిలు కనబడితే కంచాలు మంచం కిందికి పోవాలి.

నాన్నకి ఏమీ తెలియదని వాళ్ల ధీమా. బియ్యం డబ్బా మూత తీసి చూస్తే ఇంట్లో ఎవరెంత తిన్నారో చెప్పగల మనిషికి తెలియకుండా ఎలా ఉంటుంది? సాయంత్రం ఇంటికి వస్తూ, వీధి మలుపులో ఎదురుగా ఎవరూ లేకపోయినా ఆయన సైకిలు బెల్లు గట్టిగా కొట్టేవాడు. ఇంట్లోకి వచ్చాక కూడా చెప్పులు విప్పడానికి చాలాసేపు పట్టేది.

వాళ్ల కాపురం తలకిందులైన రోజు ఏదైనా ఉంటే, అది పెద్దమ్మాయి పెళ్లి రోజే.

బయటివాళ్లని పెట్టొద్దు, నా కూతురి పెళ్లికి నేనే వండుతానన్నాడు. పెళ్లికొడుకు తరఫున ఒక పెద్దమనిషి ఇంతమంది వస్తామని నోటిమాటగా చెప్పి వెళ్లాడు. ఆ లెక్కకే సరుకు తెప్పించాడు. పెళ్లివారంటే నలుగురు ఎక్కువే వస్తారు, కాస్త చెయ్యి పెద్దది చేసుకోండి అని భార్య బతిమాలింది. వస్తామన్నవాళ్లు వస్తే చాలు అన్నాడు. ఆయన భయం ఎక్కువమంది వస్తారని కాదు, రావలసినవాళ్లు రారేమోనని. ఆ భయం ఆవిడకి చెప్పలేదు. ఆవిడ ఆయన చూడకుండా పెరట్లో ఇంకో డేగిసాలో బియ్యం నానబోసింది. వంట మొదలుపెట్టబోతూ ఆయన అది చూశాడు. నీళ్లు వంచేసి, బియ్యం గుడ్డమీద ఎండకి ఆరబోశాడు.

ఆ రోజు చెప్పినవాళ్లకన్నా చాలా ఎక్కువమంది వచ్చారు. పెళ్లికొడుకు తల్లి అందరూ తిన్నాకే తింటానని పట్టుబట్టి, తన అక్కచెల్లెళ్లతో చివరి బంతిలో కూర్చుంది. వడ్డన మొదలైన కాసేపటికే గరిటె డేగిసా అడుక్కి తగిలి గీసుకుంది. ఆ చప్పుడు బంతి అంతా వినబడింది. ఎవరో హోటలుకి పరిగెత్తారు. వాళ్లొచ్చేలోపే ఆవిడ ఖాళీ కంచం ముందునుంచి లేచి, నీళ్ల దగ్గరికి వెళ్లి, ఎంగిలి కాని చెయ్యి కడుక్కుంటున్నాను చూడండి అని అందరికీ వినబడేలా అంది.

ఆయన పొయ్యి పక్కన నిలబడి విన్నాడు. గుడ్డమీద బియ్యం ఇంకా ఆరలేదు.

పెళ్లయ్యాక మొదటిసారి పుట్టింటికి బయలుదేరినప్పుడు పెద్దమ్మాయిని అత్తగారు కూర్చోబెట్టి దగ్గరుండి అన్నం పెట్టింది. "మీ పుట్టింటి లెక్కలో నీ ముద్ద ఉందో లేదో ఎవరు చూశారు? ఇక్కడే తిని వెళ్లు" అంది. తినే వెళ్లింది. అమ్మ కంచం పెడితే, తినే వచ్చానమ్మా అంది. రెండోసారి వచ్చినప్పుడు కూడా తినే వచ్చింది. తర్వాత తర్వాత అత్తగారు తిని వెళ్లమనడం మానేసింది, ఈమె మాత్రం మానలేదు. ఎవరి మాటో అనుకున్నది మెల్లగా ఆమె సొంత మాట అయిపోయింది. కొడుకు పుట్టాడు, పెరిగాడు, ఉద్యోగంలో చేరి వేరే ఊరు వెళ్లాడు. ఆమె బజారు వీధిలో బట్టలు కుట్టే దుకాణం పెట్టుకుంది. కొలతల్లో తండ్రి చెయ్యే వచ్చిందని చూసినవాళ్లు అనేవారు. ఒక్క తేడా, ఎవరి జాకెట్టు కుట్టినా కుట్టు లోపల గుడ్డ బాగా మడిచి వదిలేది. ఇంత ఎందుకు వదులుతారమ్మా అని ఎవరైనా అడిగితే, మనిషి రేపు ఎంత ఉంటుందో ఎవరికి తెలుసు అనేది. ఇన్నేళ్లలో తండ్రి ఇంట్లో ఆమె మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. తల్లి పోయినప్పుడు కూడా పక్కింటివాళ్ల దగ్గర రెండు ముద్దలు తిని వచ్చింది.

భార్య పోయేనాటికి ఆయన ఫ్యాక్టరీ ఇల్లు వదిలి ఒక సైకిలు రిపేరు దుకాణం వెనక అద్దె గదికి మారి చాలా కాలమైంది. ఆయన కొడుకు సిటీ బస్సులో కండక్టరు. నువ్వొక్కడివీ ఎందుకు, మా ఇంటికి వచ్చెయ్యి నాన్నా అని తీసుకెళ్లాడు. కోడలు మంచిపిల్ల. కంచం ఖాళీ అవుతుండగానే అడక్కుండా ఇంకాస్త వేసేది. వద్దంటే, అయ్యో మామయ్యగారూ మొహమాటమా అని ఇంకాస్త. ఆ ఇంకాస్తని మింగలేక, వద్దనలేక, నెల తిరక్కుండానే తన గదికి వచ్చేశాడు. కొడుక్కి అర్థం కాలేదు. వంటల్లో పండిపోయిన మనిషి కదా, కోడలి చేతి వంట నచ్చలేదని అనుకున్నాడు.

వందలమందికి వండిన మనిషికి ఒక్కడికి వండుకోవడం చేతకాలేదు. ఇంట్లో ఉన్న గిన్నెల్లో ఒకడి అన్నం అడుగున ఒక పొరలా పరుచుకుని మాడేది. బజారుకి వెళ్లి ఉన్నవాటిలో అన్నిటికన్నా చిన్న గిన్నె కొన్నాడు. మనవరాలి బొమ్మలాటకా తాతా అని కొట్టువాడు అడిగితే ఊఁ అన్నాడు. పొయ్యి మంట ఆ గిన్నెకన్నా వెడల్పుగా ఉండేది. మంట తగ్గించి, పక్కనే పీట వేసుకుని కూర్చుని, ఉడికే చప్పుడు వినేవాడు. పెద్ద డేగిసాలు గలగలా ఉడికేవి. ఇది చెవి దగ్గర పెట్టి వినాలి. తినడం ఎంతసేపు, గిన్నె తోమి బోర్లించడం ఎంతసేపు. ఆ తర్వాత మధ్యాహ్నమంతా అలాగే ఉండేది. బయట సైకిలు టైర్లలోకి గాలి కొట్టే చప్పుడు వస్తుండేది.

దుకాణానికి సెలవైన రోజున పెద్దమ్మాయి వచ్చేది. కిటికీ పక్క స్టూలు మీద కూర్చుని ఆయన చొక్కాలకి ఊడిన గుండీలు కుట్టేది. తిన్నావా అని ఆయన, తినే వచ్చాను నువ్వు తిన్నావా అని ఆమె, తిన్నాను అని మళ్లీ ఆయన. వేరేవాళ్లు ఎండ గురించో వాన గురించో మాట్లాడుకున్నట్టు వాళ్లు ఆ నాలుగు మాటలూ మాట్లాడుకునేవారు. తర్వాత ఆమె తన కొడుకు కబుర్లు చెప్పేది. అత్తగారి మోకాళ్ల గురించి చెప్పేది. మంచం దిగలేకపోతోందని, రోజూ తినిపించాల్సి వస్తోందని, నోరు మాత్రం ఇంకా పరుగులు పెడుతోందని చెప్పేది. ఆయన వినేవాడు.

ఒకసారి వానలో తడిసి వచ్చింది. దారిలో బస్సు ఆగిపోతే చాలా దూరం నడిచిందట. తువ్వాలు ఇస్తూ, తిన్నావా అన్నాడు. తినే వచ్చానంది. నీళ్లు అడిగి, గ్లాసు రెండు చేతులతో పట్టుకుని గటగటా తాగింది. ఇంకో గ్లాసు తాగింది. ఆ చిన్న గదిలో ఆమె కడుపు అరిచిన చప్పుడు ఇద్దరికీ వినబడింది. ఇద్దరూ విననట్టే ఉన్నారు. ఆయన అప్పటికే తినేసి గిన్నె బోర్లించాడు. ఆమె వెళ్లాక ఆ గిన్నెని తిప్పి లోపలికి చూశాడు. ఇవాళ నిజంగానే తినలేదు, ఇంత పెట్టు నాన్నా అని ఉంటే ఏం పెట్టేవాడు? కూతురికి పెట్టడానికి తన ఇంట్లో ఒక ముద్ద లేదు. కూతురి ముద్ద ఆ ఇంటి లెక్కలో లేదని వియ్యపురాలు అన్నట్టు ఎప్పుడో చెవిన పడిన మాట నిజమే అయింది.

ఆ తర్వాతి వారం నుంచి ఆమె వచ్చే రోజు మాత్రం ఇద్దరికి వండటం మొదలుపెట్టాడు.

ఆయనకి కావలసింది ఒక్కటే. తను బతికుండగా కూతురు తన చేతి అన్నం ఒక్కసారి తినాలి. బతిమాలి తినిపించుకోవడం ఆయనకి ఇష్టం లేదు. నీకోసం వండానని నోరు తెరిచి చెబితే జాలికి రెండు మెతుకులు నోట్లో వేసుకుంటుందేమో, అది వద్దు. అందుకని మూతపెట్టి ఉంచేవాడు. తిన్నావా అని మామూలుగానే అడిగేవాడు. తినే వచ్చానని మామూలుగానే చెప్పేది. ఆమె బస్సెక్కాక ఆయన కంచం ముందు కూర్చుని మొదట తన వాటా తినేవాడు, తర్వాత ఆమెది. పారేయడానికి చెయ్యి రాదు. పక్కనున్న సైకిలు మెకానిక్కుని పిలిచి పెట్టొచ్చు, కానీ ఒకరి కోసం కొలిచిందాన్ని ఇంకొకరికి పెట్టడం ఏమిటో ఆయనకి తెలుసు. ఇంకెవరికో పెట్టడం కన్నా తనే తినడం మేలనుకున్నాడు. రెండో వాటా గొంతు దిగేది కాదు. నీళ్లతో కలిపి మింగేవాడు.

కొన్ని వారాలకి కడుపునొప్పి పట్టుకుంది. తిన్నది తిన్నట్టు బయటికి వచ్చేసింది. కొడుకు ఆసుపత్రికి తీసుకెళ్లాడు. డాక్టరు పొట్ట నొక్కి చూసి, ఏం తింటున్నారు అని అడిగాడు. ఆయనకి అబద్ధం చెప్పడం రాదు. వారానికి ఒకరోజు రెండింతలు తింటానని చెప్పాడు. ఈ వయసులో పందెం ఎవరితో తాతగారూ అని డాక్టరు మందు రాసిచ్చాడు. కొడుకు ఇంటికి వెళ్తూ అక్కకి ఫోను చేసి నవ్వుకుంటూ చెప్పాడు. జన్మంతా మనకి రెండో గరిటె వెయ్యని మనిషి ఇప్పుడు వారానికోసారి ఇద్దరి తిండి తింటున్నాడట అక్కా అన్నాడు. ఏ రోజు అని ఆమె అడిగింది. చెప్పాడు. దుకాణంలో ఎవరో వచ్చారని ఆమె ఫోను పెట్టేసింది.

ఆ వారం ఆమె ఎప్పుడూ వచ్చే వేళకన్నా ముందే వచ్చింది. చెప్పులు విడిచి నేరుగా పొయ్యి దగ్గరికి వెళ్లి మూత తీసింది. ఆయన కిటికీ దగ్గర బట్టలు మడుస్తున్నాడు.

"ఇది ఎవరికి?" అంది.

"నీకు."

"నేను తినే వస్తాను కదా."

"తెలుసు."

"తెలిసి ఎందుకు వండటం? వండావే అనుకో, మిగిలింది పొద్దు పోయాక తినొచ్చు. ఆసుపత్రి పాలయ్యేదాకా మింగాలా?"

"మిగల్చడం నాకు చేతకాదమ్మా."

"మా అత్తగారూ అదే అంటుంది. ఇన్నేళ్లనుంచి."

ఆయన మడుస్తున్న పంచెని మంచంమీద పెట్టాడు. ఆ మాటకి ఆయనకి కోపం రాలేదు. కూర్చోమని చెప్పాడు. ఆమె కూర్చోలేదు, మూత చేత్తోనే పట్టుకుని నిలబడింది. ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. కప్పు లేని బడి గురించి, లారీల గురించి, సగం మందే దిగడం గురించి, అధికారి చెప్పిన మాట గురించి. ఎన్నడూ చెప్పని మనిషి కాబట్టి ముందుది వెనకా వెనకది ముందూ చెప్పాడు. ఒకచోట ఆగి, నల్లబల్ల మీద కూడికల గురించి కూడా చెప్పాడు.

"వాళ్లు తిన్నారు" అన్నాడు. "నేనూ తిన్నాను. నా వాటా తిని, ఇంకొకటి కూడా తిన్నాను. పొద్దుటినుంచీ ఏమీ లేదు, ఆకలిగా ఉంది. ఆ రోజు కూర బాగా కుదిరింది తల్లీ. రుచిగా ఉంది. ఎవరి ముద్ద తిన్నానో నాకు ఇప్పటికీ తెలియదు."

ఆమె మూత గిన్నెమీద పెట్టింది.

"అమ్మకి తెలుసా?"

"సగం తెలుసు. మిగిలిందని చెప్పాను. నేను తిన్నానని చెప్పలేదు."

"మరి నా పెళ్లిలో?"

"రావలసినవాళ్లు రాకపోతే, ఆ మిగిలింది నా కళ్లతో చూడలేననిపించింది. ఎక్కువమంది వస్తారని అనుకోలేదు."

ఆమె ముక్కుతో నవ్వింది. "మావాళ్ల సంగతి నీకు తెలియదు. ఒకర్ని పిలిస్తే పక్కవీధి కూడా లేచొస్తుంది" అంది. తర్వాత గోడవైపు తిరిగి కొంగుతో ముఖం తుడుచుకుంది.

ఆయన లేచి కంచం తీశాడు. అది చూసి, "వద్దు నాన్నా. ఇప్పుడు దిగదు" అంది. ఆమె నిజంగానే తిని వచ్చింది. తినకుండా వచ్చినా దిగేది కాదేమో. ఇన్నేళ్లుగా ఆ గుమ్మం తొక్కేముందు గొంతు మూసుకోవడం అలవాటైపోయింది. ఆయన కంచాన్ని మళ్లీ గోడకి ఆనించాడు. అది జారి నేలమీద గుండ్రంగా తిరిగి ఆగేదాకా ఇద్దరూ దాన్నే చూశారు.

కాసేపటికి ఆమె పై అర వెతికి, తమ్ముడు బడికి తీసుకెళ్లిన పాత టిఫిన్ క్యారియర్ దించింది. దుమ్ము కడిగి, తుడిచి, ఆయన ముందు పెట్టింది. ఇందులో పెట్టు అంది.

ఆయన పెట్టాడు. కింది గిన్నెలో అన్నం, పై గిన్నెలో కూర. తన వాటా వదిలి ఆమెది మొత్తం పెట్టి, అంచులు తుడిచి, కొక్కెం బిగించాడు. ఆమె దాన్ని కుట్టు సంచిలో నిలబెట్టుకుని వెళ్లిపోయింది. ఆ రోజు ఆయన ఒక్కడి తిండే తిన్నాడు.

తర్వాతి వారం క్యారియర్ ఖాళీగా తిరిగొచ్చింది. తోమి, ఆరబెట్టి తెచ్చింది. ఆమె గుమ్మం దాటాక ఆయన గిన్నెలు విడదీసి వెలుగులో తిప్పి చూశాడు. ఆమె పని ఎప్పుడూ శుభ్రంగా ఉంటుంది, దాన్ని చూసి చెప్పడానికి ఏమీ లేదు. తిందో, ఇంటికి చేరేలోపే బస్టాండు దగ్గర ఎవరికైనా ఇచ్చేసిందో, కాలవలో వంపేసిందో. ఆ వారం మళ్లీ నింపాడు, ఆమె తీసుకెళ్లింది. ఆ పై వారమూ అంతే. ఆమె చెప్పలేదు, ఆయన అడగలేదు. అడిగితే తిన్నాను అని ఒక మాట వస్తుంది, ఆ మాట నిజమో కాదో ఎలా తెలుస్తుంది? తినే వచ్చాననే మాటతో ఆయన ఒక జీవితం గడిపాడు. ఆమె బస్టాపు వైపు నడుస్తుంటే కిటికీలోంచి చూసేవాడు. సంచి బరువుకి ఆమె ఒక పక్కకి కాస్త ఒరిగేది. మలుపు తిరిగాక ఇంక కనబడేది కాదు.

చలి మొదలైన రోజుల్లో ఒక వారం ఆమె స్టూలు మీద కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తోంది. దారం ఎక్కలేదు. దాన్ని నోటితో తడిపి, మళ్లీ ప్రయత్నిస్తూ, తల ఎత్తకుండానే అంది.

"పోయినసారి కూరలో ఉప్పెక్కువైంది."

ఆయన పీటమీద కూర్చుని ఉన్నాడు. చెయ్యి సరిగ్గా కుదరడం లేదీ మధ్య అన్నాడు.

"మా అత్తగారూ అదే అంది" అంది ఆమె. "ఏమిటే ఈ ఉప్పు, అంటూనే తింది."

ఆయన ఆమె వైపు చూశాడు. దారం ఎక్కింది. ఆమె ముడివేసి, పళ్లతో కొసని తెంపింది.

"ఒకళ్ల వాటాయే కదా అది" అన్నాడు. "ఇద్దరికి చాలిందా?"

"చాల్లేదు" అంది.

ఆ తర్వాతి వారం ఆయన ముగ్గురికి కొలిచాడు. క్యారియర్లో పట్టకపోతే కూర ఇంకో డబ్బాలో పెట్టి గుడ్డ చుట్టాడు. వచ్చే వారం ఇంకోలా చెయ్యమంటే చేసేవాడు, కానీ బాగుందో లేదో ఆమె చెప్పేది కాదు, ఉప్పు గురించి తప్ప. ఆ గదిలో కూర్చుని మాత్రం ఆమె ఎన్నడూ తినలేదు. ఆయన పోయేదాకా ఆ ఒక్క రోజు అలాగే జరిగింది. మూడు వాటాల్లో రెండు బస్సెక్కి వెళ్లిపోయేవి. కిటికీ మూసి వచ్చి, మూడోది కంచంలో పెట్టుకుని, ఆయన ఒక్కడే కూర్చుని తినేవాడు.